కుప్పాంబికకు కల్పిత ప్రియుడు అవసరమా?

ప్రశ్న: మాది భూత్పూరు దగ్గరి పల్లె. కాకతీయుల కాలంలో మా ప్రాంతంలో జీవించిన కుప్పాంబికను నాయికగా తీసుకొని ప్రణయ ప్రధానమైన చారిత్రక నవల రాయాలని ఉంది. ఆమె దాంపత్యం గురించి వివరాలు దొరకడం లేదు కనుక, కథకు బిగి రావడానికి ఒక కల్పిత ప్రియుణ్ణి ప్రవేశపెట్టవచ్చునా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: వద్దమ్మా. కల్పన తప్పని కాదు, మీ చేతిలో అంతకన్నా గొప్ప ప్రేమకథ ఉన్నందువల్ల చెబుతున్నాను. కుప్పాంబిక గోన బుద్ధారెడ్డి కుమార్తె, కాకతీయ సేనాని మల్యాల గుండ దండాధీశుని భార్య. భర్త మరణించాక ఆయన పేరిట బూదపురంలో, అంటే నేటి మీ భూత్పూరులో, గుండేశ్వరాలయాన్ని నెలకొల్పి 1276లో శాసనం వేయించింది. ఆత్మీయుల పేరిట దేవుణ్ణి ప్రతిష్ఠించడం ఆ కాలపు ఆచారమే. ఆచారమైనంత మాత్రాన అందులో ప్రేమ లేదనుకోనక్కరలేదు. పోయిన మనిషి పేరు ప్రతి పూజలోనూ వినబడేలా చేసుకున్న స్త్రీ మనసును, ఆ రాతిని చెక్కిస్తున్న రోజుల నుంచి వెనక్కి నడుస్తూ, యుద్ధాలకు వెళ్ళి నెలల తరబడి రాని భర్త కోసం ఎదురుచూసిన రాత్రుల దాకా మీరు రాయగలిగితే ఇంకొక ప్రియుడితో పని ఉండదు.

ఆమె పేరిట ఒక పద్యం కూడా ప్రచారంలో ఉంది. మన్మథ బాణాలను తప్పించుకోలేకపోతున్నానని, సిగ్గు నోరు విప్పనివ్వదని, పుట్టిన వంశం స్వతంత్రం ఇవ్వదని ఒక పడుచు చెలితో వాపోయే పద్యమది. ఆ వాపోతే మీ నవలకు మొదటి భాగం కావచ్చు. తండ్రి, ద్విపద ఛందస్సులో సాగే రంగనాథ రామాయణ కర్తగా ప్రసిద్ధుడు. ద్విపద వింటూ పెరిగిన పిల్ల తన మనసును తానే పద్యంలో పెట్టుకోవడం ఎంత సహజమో చూడండి. పైగా ఆమె శాసనం వేయించిన నాటికి ఓరుగల్లు సింహాసనం మీద ఉన్నది రుద్రమదేవి. రాజ్యమేలే స్త్రీ ఉన్న కాలంలో వంశగౌరవానికి కట్టుబడి బతికిన మరొక స్త్రీ ఏమనుకొని ఉంటుందన్న ప్రశ్నను నేనైతే నవల అంతటా వదలను.

కట్టుబాటును దాటే ప్రేమనే రాయాలని మీకు గట్టిగా ఉంటే, ఆమె చెలికత్తెనో, గుడి కట్టిన శిల్పి కూతురినో కల్పించి, ఆ పాత్రకు సొంత పేరు పెట్టండి. పేరున్న మనిషికి లేని చరిత్రను అంటగడితే, రేపు మీ ఊరి పిల్లలు దానినే నిజమని నమ్ముతారు.

ప్రశ్న: అప్పటి తిండి, మాటలు ఎలా రాయాలి?
– అదే పాఠకురాలు

జవాబు: ముందుగా మీ కళ్ళెదుట ఉన్నవాటిలో కొన్నింటిని తీసివేయండి. పాలమూరు అనగానే గుర్తుకొచ్చే వేరుశనగ చేలు, సీతాఫలాలు ఆ కాలానివి కావు. వంటలో మిరపకాయ ఉండదు, కారానికి మిరియాలే. ఇవి అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల రాక తరువాత వచ్చిన పంటలు. జొన్నలు, కొర్రలు, రాగులు, చింతపండు నిస్సంకోచంగా రాయవచ్చు.

మాటల విషయంలో, సంభాషణలన్నీ గ్రాంథికంలో నింపితే పాఠకులు మూడో పేజీలోనే ఆగిపోతారు. సరళమైన తెలుగు రాస్తూ, నాటి అర్థం ఇప్పుడు మారిపోయిన కొన్ని మాటలను మాత్రం నాటి గౌరవంతో వాడండి. ఉదాహరణకు ‘సాని’ అనేది ‘స్వామిని’ నుంచి వచ్చి అప్పట్లో పెద్దింటి స్త్రీలకు మర్యాదగా పలికిన మాట. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలో 1208లో ఎఱకేశ్వరాలయం కట్టించినావిడ, రేచర్ల బేతిరెడ్డి భార్య, పేరు ఎఱకసానమ్మ. (ఇది మీ మహబూబ్‌నగర్ మర్రిచెట్టు పిల్లలమర్రి కాదు. ఉత్తరాల్లో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.) ఆ మాటను మీ పాత్రలు ఒకరినొకరు పిలుచుకునేటప్పుడు వాడితే, అర్థం విడిగా చెప్పకుండానే పాఠకులకు అందుతుంది.

శాసనాల్లో శకవర్షం కనిపిస్తే దానికి 78 కలపండి. 1198 అయితే 1276 అవుతుంది. నవల మొదలుపెట్టే ముందు భూత్పూరుకు ఒకసారి తెల్లవారుజామున వెళ్ళి, ఆ నేల మీద వెలుగు ఎటు నుంచి ఎలా పడుతుందో చూసి రాసుకోండి.