నాన్న ఇంజినీరింగ్ అంటారు, తాతగారు ‘చదువు జీతం కోసమా’ అంటారు

ప్రశ్న: మాది చెన్నై, అంబత్తూరు. మా అమ్మాయి ప్లస్ టూ, కంప్యూటర్ సైన్స్ గ్రూపు. లెక్కలు బాగా చేస్తుంది. ఎకనామిక్స్ చదువుతానంటోంది. మావారిది డిప్లొమా; బీఈ లేదని ప్రమోషన్ ఆగిపోయింది. ఆయన ఇంజినీరింగ్ తప్ప ఇంకో మాట విననంటారు. మామగారు రిటైరైన తెలుగు మాస్టారు. చదువు జ్ఞానం కోసం, జీతం కోసం కాదంటారు. రోజూ భోజనాల దగ్గర ఇదే వాదన. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా వినండి. అప్లికేషన్ మాత్రం ఇద్దరిలో ఎవరి చేతా నింపించకండి.

ఈ వాదన మీ ఇంట్లో పుట్టింది కాదు. 1854లో, ఇండియా వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి చార్లెస్ వుడ్ లండన్ నుంచి పంపిన విద్యా పత్రంలో చదువు వల్ల బుద్ధీ నడవడీ మెరుగుపడాలని ఉంది, దాంతో సర్కారుకు నమ్మకమైన ఉద్యోగులు దొరకాలనీ ఉంది. మామగారి మాట, మీవారి మాట, రెండూ ఒకే కాగితంలో! మద్రాసు యూనివర్సిటీ 1857లో పుట్టింది ఆ పత్రం వల్లే. అప్పటినుంచీ తేలనిది ఈ అడ్మిషన్ల గడువులోగా తేలుతుందా?

మీవారి పట్టుదలను చాదస్తం అనుకోకండి. కాగితం లేక నష్టపోయిన మనిషి కూతురికి ఆ కాగితం ఉండాలనుకోవడంలో తప్పేముంది? కాకపోతే ఆయన కోరిక ఏమిటో ఆయన చేతే విడమరిచి చెప్పించండి. అమ్మాయి ఏ వయసుకల్లా సంపాదించాలి, ఫీజుకు ఎంతవరకు పెట్టగలరు, అప్పు చేయాలా? ఒకవేళ అసలు సంగతి ‘నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుంది’ అయితే, అదీ బయటికి రానివ్వండి. పైకి అనేసరికి దాని బరువు చాలా తగ్గుతుంది.

కోరిక సంపాదన అయితే ఎకనామిక్స్‌లోనూ దారులున్నాయి. గణితం, స్టాటిస్టిక్స్ గట్టిగా చెప్పే కాలేజీ చూసుకోవాలి. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు, కేంద్ర ప్రభుత్వంలో ఆర్థికవేత్తల ఉద్యోగాలైన ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు మాత్రం ఎకనామిక్స్‌లో పీజీ కావాలి. కాబట్టి మూడేళ్లు కాదు, ఐదేళ్ల చదువుగా లెక్కేసుకోండి. మూడేళ్లకే ఆపేస్తే, మంచి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చేసినవాళ్ల కంటే మొదటి జీతం తక్కువే ఉండొచ్చు. ఇది దాచి చెబితే రేపు నన్నే తిడతారు.

మీవారికి నచ్చే మధ్యే మార్గం ఒకటుంది. ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కోర్సులో పాఠాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. వేరే డిగ్రీ చదువుతూ కూడా చేయొచ్చు. జేఈఈ అక్కర్లేదు, దాని అర్హత పరీక్ష దానికి ఉంది. వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి కాబట్టి మొదటి ఏడాదే రెండూ నెత్తికెత్తుకోవద్దని నా సలహా.

మామగారు ఎప్పుడో ఒకప్పుడు రాధాకృష్ణన్ పేరు ఎత్తుతారు, చూడండి. ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఫిలాసఫీ తీసుకున్నది, బంధువొకరు ఆ సబ్జెక్టు పాత పుస్తకాలు ఇచ్చారు కాబట్టేనంటారు. అంత జ్ఞానికీ చదువు దగ్గర డబ్బు అడ్డొచ్చిందన్నమాట. 1909లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం తెచ్చిపెట్టిందీ ఆ ఫిలాసఫీయే. ఇది మామగారికి మెల్లగా చెప్పండి.

ఇక అమ్మాయి. ఉత్తరంలో ఆమె గురించి రాసింది మూడు ముక్కలే. ఎకనామిక్స్ ఎందుకంటోంది? ఆమె గ్రూపులో ఎకనామిక్స్ లేదు కదా, ఇప్పటిదాకా రుచి చూసింది పదో తరగతి సోషల్‌లో ఉన్న కొద్దిపాటే. ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో పదకొండో తరగతి ఎకనామిక్స్ వాళ్ల స్టాటిస్టిక్స్ పుస్తకం, పన్నెండో తరగతి మైక్రో ఎకనామిక్స్ పుస్తకం ఉచితంగా దొరుకుతాయి. రెండు వారాలు ఎవరూ పక్కన కూర్చోకుండా చదవనివ్వండి. పాఠాల చివర ఉన్న లెక్కలు తనే చేయాలి. గ్రాఫులు చూసి విసుగొస్తోందా, ఇంకో పేజీ తిప్పుతోందా అన్నది మీకే తెలిసిపోతుంది.

ఈలోగా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు కూడా రిజిస్టర్ చేయించండి. తమిళనాడులో దానికి వేరే ఎంట్రన్స్ లేదు. ప్లస్ టూలో గణితానికి 100, ఫిజిక్స్‌కు 50, కెమిస్ట్రీకి 50, మొత్తం 200కు కటాఫ్ కడతారు. పేరు నమోదు చేసినంత మాత్రాన చేరి తీరాలని లేదు. రెండు వారాల తర్వాత ఆ పుస్తకాలు తెరవకుండానే ఉంటే, నా ఓటు మీవారికే.