‘పెరిగింది’ అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి పెన్సిల్ పట్టుకుని చదివాను కాబట్టి ముందు చీవాట్లే వస్తాయి, ఓర్చుకో. ‘పెరిగింది’ అన్న మాట కనబడ్డచోటల్లా సున్నా చుట్టుకుంటూ పోతే 14 పేజీల్లో 31 సున్నాలు తేలాయి. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ పెరిగింది, బ్రిటన్‌లో పెరిగింది, కొరియాలో పెరిగింది, జపాన్‌లో ‘విపరీతంగా’ పెరిగింది. ఇన్ని దేశాల్ని ఒకే కాడికి కట్టి తోలేశావు. నీ వాక్యం బాగుంటుంది. ఆ సంగతి నీకూ తెలుసు, కనక దాని మీద ఎక్కువ సిరా ఖర్చు పెట్టను.

నాలుగో పేజీలో పట్టిక చూశాక పెన్సిల్ పక్కన పెట్టేశాను. లక్షమంది ఆడవాళ్ళకి అమెరికాలో 130 కేసులు, ఫ్రాన్స్‌లో 105 అని వేసి, కింద ‘అమెరికా ఫ్రాన్స్‌ను దాటిపోయింది’ అని రాశావు. ఆ 130 నీకెక్కడ దొరికిందో నాకు తెలుసు. అది అమెరికా వాళ్ళ సొంత లెక్క. వాళ్ళ 2000 నాటి జనాభాలో ఏ వయసువాళ్ళు ఎంతమందో ఆ పాళ్ళ ప్రకారం వయసుకు సవరించింది. ఆ 105 లియాన్‌లో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022కి వేసిన అంచనా. వాళ్ళు వాడేది ‘ప్రపంచ ప్రామాణిక జనాభా’, అంటే ఏ వయసువాళ్ళు ఎంతమందో ఊహించి పెట్టుకున్న పాళ్ళు. జపాన్ శాస్త్రవేత్త సెగి 1960లో తయారుచేస్తే, బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ డాల్ బృందం 1966లో కొంచెం మార్చింది. అందులో చిన్నవాళ్ళు ఎక్కువ, ముసలివాళ్ళు తక్కువ. వయసుతోపాటు ఎక్కువయ్యే రోగాన్ని ఆ కొలతతో కొలిస్తే అంకె చిన్నదిగానే వస్తుంది. అదే కొలత అమెరికాకీ పెడితే 96 దగ్గర ఆగుతుంది. అంటే ఫ్రాన్సే పైన ఉంది! అదే ఆడవాళ్ళు, అదే రోగం. ఒకరిని గజంతోనూ ఇంకొకరిని మీటరుతోనూ కొలిచి, పొడుగెవరో తేల్చేశావు.

నవ్వుతున్నానని అనుకోకు. రాయడం మొదలుపెట్టిన కొత్తలో నేను ఇంతకన్నా పెద్ద తప్పు చేశాను. రెండు దేశాల కేసుల్ని జనాభాతో భాగించి, వయసు ఊసే లేకుండా, ఒక దేశంలో రోగం ‘మూడింతలు’ అని రాసి పారేశాను. పత్రిక వేసింది. వారం తిరక్కుండా ఎవరో రిటైరైన లెక్కల మాస్టారి దగ్గర్నించి పోస్టుకార్డు వచ్చింది. ఒకటే ముక్క. ‘అయ్యా, ముసలివాళ్ళు ఎక్కువున్న ఇంట్లో తెల్లజుట్టు ఎక్కువ కనిపిస్తుంది. దానికి వైద్యం చేయిస్తారా?’ ఆ కార్డు చాలా ఏళ్ళు నా బల్ల అద్దం కింద ఉంది. ఆయనకి జవాబు రాయలేదు. సిగ్గేసింది.

అప్పట్నించీ నాకొక పిచ్చి పట్టుకుంది. ‘పెరిగింది’ అని చెయ్యి రాయబోతే ఆపి అడుగుతాను: రోగం పెరిగిందా, దొరకడం పెరిగిందా, లెక్కపెట్టడం పెరిగిందా, ముసలితనం పెరిగిందా? నాలుగింటికీ తెలుగులో వేరే మాటలు లేవా ఏం?

బ్రిటన్ సంగతే చూడు. 1988లో అక్కడ 50 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళని రొమ్ముల ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌కి పిలవడం మొదలుపెట్టారు. పిలిచిన వయసువాళ్ళలో కేసులు గబుక్కున లేచాయి. నీకు 50 నిండాయని రోగానికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, ఉత్తరం వెళ్ళిందంతే. చేతికి తగలని గడ్డలు రెండు మూడేళ్ళ ముందే ఫిల్ము మీద కనబడ్డాయి. ఎన్నటికీ బాధపెట్టకుండా పడుండే కొన్ని గడ్డలు కూడా వాటితో కలిసి లెక్కలోకి వచ్చాయి. అమెరికాలో దీనికన్నా తమాషా ఒకటి జరిగింది. 1974 సెప్టెంబరు చివర్లో అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఆవిడ దాచలేదు. కొన్ని వారాలకే కాబోయే ఉపాధ్యక్షుడి భార్య హ్యాపీ రాక్‌ఫెల్లర్‌కీ అయింది. దేశమంతా ఆడవాళ్ళు పరీక్షలకి బారులు తీరారు. ఆ ఏటి కేసుల గీతలో ఓ చిన్న మిట్ట లేచి, తర్వాత దిగిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు నోరు విప్పితే ఒక దేశం గ్రాఫు కదిలింది. నీ వ్యాసానికి ఇంతకన్నా మంచి ఎత్తుగడ నాకు తోచడం లేదు. నువ్వేమో ‘1970ల నుంచి పెరుగుతూ వచ్చింది’ అని దాటిపోయావు.

తగ్గడానికీ ఇదే వరస. 2002 జులైలో అమెరికాలో ముట్లుడిగిన ఆడవాళ్ళకిచ్చే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ హార్మోన్ మాత్రల మీద ఓ పెద్ద ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు, వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని. లక్షలమంది మాత్రలు మానేశారు. 2003 కేసులు ముందటేడు కన్నా ఇంచుమించు 7 శాతం పడిపోయాయి. మామోగ్రామ్‌లు తగ్గినందువల్ల అన్నవాళ్ళూ లేకపోలేదు. కానీ పడిపోయింది ముఖ్యంగా 50 దాటినవాళ్ళలో, అదీ హార్మోన్‌కి స్పందించే రకం గడ్డల్లో. ఇక 2020లో చాలా దేశాల్లో కేసులు తగ్గాయి. రోగం సెలవు పెట్టలేదు, స్క్రీనింగ్ సెంటర్లు మూసేశారు.

మరి నిజంగా పెరగడం అనేదే లేదా అంటావు. ఉంది. కొరియా, జపాన్‌లలో వెతకడం ఎక్కువైన మాట నిజమే, కానీ కథ అంతటితో అయిపోదు. పెళ్ళిళ్ళు ఆలస్యమై, కాన్పులు తగ్గి, పాలిచ్చే నెలలు తగ్గితే ఈ రోగం ఎక్కువవుతుంది. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి 2002లో తేల్చినదేమిటంటే, ఒక్కో కాన్పుకీ ముప్పు 7 శాతం, పాలిచ్చిన ఒక్కో ఏడాదికీ మరో 4.3 శాతం తగ్గుతుందని. జపాన్ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడ్డవాళ్ళ కూతుళ్ళలో, మనవరాళ్ళలో రేటు మెల్లగా అక్కడివాళ్ళ రేటు వైపు పాకింది. రక్తం మారలేదు, బతుకు మారింది.

కొరియాలో ఈ రోగం 40లలో ఎక్కువ, అమెరికాలో 60లు, 70లలో ఎక్కువ అని రాసి, ‘ఆసియా స్త్రీలకు చిన్న వయసులోనే వస్తుంది’ అని తీర్పు చెప్పేశావు. కాస్త ఆగు. ఈ రోజు కొరియాలో 75 ఏళ్ళ ఆవిడా, 45 ఏళ్ళ ఆవిడా ఒకే బతుకు బతకలేదు. పెద్దావిడది ఎక్కువమంది పిల్లల్ని కన్న తరం. ఆవిడ ముప్పు తక్కువ, ఆ తక్కువనే వెంటబెట్టుకుని ముసలిదైంది. వయసుల వారీ గీత కుడిపక్క, పెద్ద వయసుల దగ్గర, కిందికి వంగడం చాలావరకు ఆవిడ వల్ల. ఈ 45 ఏళ్ళ ఆవిడ 75కి చేరేసరికి ఆ గీత అలాగే ఉంటుందని నేను పందెం కాయను. వయసు అని నువ్వు చదివినదాంట్లో సగం తరం.

ఇదే సంగతి ఒకసారి ఓ వారపత్రికకి రాసిచ్చాను. ‘నమోదైన కేసులు’ అని రాసినచోటల్లా ఆ ఎడిటరు ‘నమోదైన’ కొట్టేశాడు, పాఠకుడికి బరువట. శీర్షికలో ‘కోరలు చాస్తున్న మహమ్మారి’ అని పెట్టి, పక్కన పైకి లేచే ఎర్ర బాణం వేశాడు. ఇప్పటికీ ఎర్ర బాణం చూస్తే నాకు బీపీ లేస్తుంది. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అని అక్టోబరు వస్తే పేజీలన్నీ గులాబీ రంగు పూసుకుంటాయి, లోపల మాత్రం పాత బాణమే. నీ పట్టిక పక్కన కూడా ఓ బాణం ఉంది. తీసెయ్.

లెక్క ఎక్కడ పుడుతుందో చూద్దామని ఒకసారి ఆసుపత్రుల నుంచి కేసులు తెచ్చి నమోదు చేసే ఓ క్యాన్సర్ రిజిస్ట్రీ గదిలో రెండు రోజులు కూర్చున్నాను. ఒకావిడ రెండు ఆసుపత్రుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని వేలు ఆనించి చదువుతోంది. ఒకదాంట్లో పేరు ఒక రకంగా, రెండోదాంట్లో ఇంకో రకంగా ఉంది. వయసు ఒకచోట 50, ఇంకోచోట 47. ఎడమ రొమ్మే, రెండింట్లోనూ. బయాప్సీ తేదీలకి పదకొండు రోజుల తేడా. చాలాసేపు చూసి, ఒక వరుస మీద స్కేలు పెట్టి గీత కొట్టింది. ఇద్దరనుకున్నవాళ్ళు ఒకరయ్యారు. వయసుల వరుసలో 50, 55, 60 ఎన్నిసార్లు వచ్చాయో చూపించి నవ్వింది, ‘వీళ్ళందరూ గుండ్రటి అంకెల్లోనే పుట్టారండీ’ అని. పటంలో రంగు పూసి ఉన్నాయి కదా అని ఇలాంటి గది అన్ని దేశాల్లోనూ ఉందనుకోకు. లేనిచోట పొరుగు దేశాల రేట్లు తెచ్చి అంచనా వేస్తారు. నీ పట్టికలో లెక్కకీ అంచనాకీ ఒకటే అక్షరం, ఒకటే సైజు.

ఇప్పుడు పదమూడో పేజీ. రెండోసారి చదివింది దానికోసమే. మీ పెద్దమ్మ గడ్డ తగిలిన ఎనిమిది నెలల దాకా ఎవరికీ చెప్పలేదని, స్నానానికి వెళ్ళినప్పుడల్లా తలుపు రెండుసార్లు లాగి చూసుకునేదని రాశావు. ఆ ఎనిమిది నెలలూ ఆవిడ ఏ పట్టికలోనూ లేదు. అలాంటివాళ్ళు ఎంతమందో ఉన్న దేశంలో రేటు తక్కువ కనిపిస్తుంది. నిజంగా కొంత తక్కువే, కానీ అంత తక్కువ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన లెక్క నీ వ్యాసంలో ఉండాల్సింది, లేదు. బాగా అభివృద్ధి చెందిన దేశాల్లో జీవితకాలంలో 12 మంది ఆడవాళ్ళలో ఒకరికి ఈ రోగం ఉందని తేలుతుంది, 71 మందిలో ఒకరు దాంతో పోతారు. వెనకబడ్డ దేశాల్లో 27 మందిలో ఒకరికే తేలుతుంది, కానీ 48 మందిలో ఒకరు పోతారు. ఒకచోట స్థూలంగా తేలిన ఆరుగురికి ఒక చావు, ఇంకోచోట తేలినవాళ్ళలో సగానికి పైగా. నీ పట్టికలో కేసుల వరుస ఉంది, చావుల వరుస లేదు. అది పక్కన పెట్టి చూడు, పైన ఉన్న దేశాలూ కింద ఉన్న దేశాలూ తారుమారవుతాయి.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి, పుస్తకంగా వేస్తే ఎవరు కొంటారు అని అడిగావు. వాటికి ఇప్పుడు జవాబు రాయను. జన్యువుల మీద నీ ఎనిమిదో పేజీ జోలికీ పోను, అది వేరే ఉత్తరం. పట్టిక తిరగరాసి పంపు. ప్రతి అంకె పక్కన ఏ జనాభా కొలత, ఏ ఏడు, లెక్కా అంచనా అని చిన్న అక్షరాల్లో వెయ్. 31 సున్నాల్లో నాలుగైదు మిగిలితే చాలు. పదమూడో పేజీ ముట్టుకోకు.

పెద్దమ్మగారు డాక్టరు దగ్గరికి వెళ్ళారని రాసి అక్కడితో వదిలేశావు. వ్యాసం కోసం అడగడం లేదు. ఇప్పుడెలా ఉన్నారు?