లాడ్ బజార్ ఫొటోల్లో అడ్డచారలు: సమాధానం
హైదరాబాద్ లాడ్ బజార్ గాజుల షాపుల్లో తీసిన ఫొటోల్లో నల్లటి అడ్డచారలు వస్తున్నాయని, ఒక షాపాయన ఫొటోలు వద్దన్నాడని రాశారు కదా, మీ కెమెరాలో లోపమేమీ లేదండి. ఆ చారలు ఎల్‌ఈడీ లైట్ల పని. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం (కెమెరా వెలుతురును లోపలికి తీసుకునే సమయం) 1/500 సెకనులో పెడితే ఆ మినుకు ఫొటోలో పడుతుంది. 1/100కో 1/50కో దించండి, చాలావరకు పోతాయి. గాజుల మీది రాళ్ళ మెరుపు తెల్లగా మాడిపోకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి, అంటే ఫొటోలో పడే వెలుతురును సగం చేయండి.

ఇక షాపాయన వద్దన్న సంగతి. కెమెరా సంచిలోనే ఉంచి ముందు ఒక జత లక్క గాజులు బేరమాడి కొనండి. తర్వాత "భాయ్, ఒక ఫొటో తీసుకోనా?" అని అడగండి. నన్నయితే లోపలికి పిలిచి, బొగ్గుల సెగ మీద లక్క మెత్తబరిచి, అది గట్టిపడకముందే ఒక్కో రాయీ అద్దడం చూపించారు. గాజులు కొనడానికొచ్చిన ఆడవాళ్ళను మాత్రం అడక్కుండా తీయకండి.