షెడ్డు మోడల్ ఇల్లు: మేస్త్రి ఒకరు, వెల్డింగాయన ఇంకొకరు, మరి బాధ్యత ఎవరిది?

ప్రశ్న: సార్, మాది కావలి దగ్గర పల్లె, సముద్రం పక్కనే. మా వాడు అమెరికాలో ఉంటాడు, అక్కడ పశువుల కొట్టాల ఆకారంలో ఇళ్లు కడతారంట, బార్న్ హౌస్ అంటారంట, ఎత్తు కప్పు, పైన రేకు, లోపల ఒకటే పెద్ద హాలు, మీద అటక లాగా ఒక గది. మన పొలంలో అట్టాంటిదే కట్టమంటున్నాడు. రొయ్యల చెరువుల కాడ షెడ్లేసే వెల్డింగాయన చదరపు అడుక్కి ఇంతని రేటు చెప్పాడు, పునాది గోడలు నాకొదిలెయ్ అంటున్నాడు మా మేస్త్రి. ఇద్దరికీ చెరి సగం ఇస్తే సరిపోద్దా, లేక హైదరాబాద్ నుంచి కంపెనీ వాళ్లని పిలవాలా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: కంపెనీ అక్కర్లేదండీ, లోకల్ వాళ్లతోనే అవుద్ది. మన వైపు రైస్ మిల్లులు, గోడౌన్లు, కోళ్ల షెడ్లు అన్నీ ఇట్టాంటి వెల్డింగ్ వాళ్లు నిలబెట్టినవే కదా, ఇనుము పని వాళ్లకి బాగా వచ్చు. చిక్కంతా వెల్డింగాయన పనికీ మేస్త్రి పనికీ మధ్యలో ఉంటది. స్లాబ్ ఇల్లయితే పునాది నుంచి పిట్టగోడ దాకా ఒక్క మేస్త్రినే అడుగుతాం, పైగా స్లాబ్ బరువే ఇంటిని కదలకుండా పట్టుకుంటది. రేకు కప్పు తేలిక, పెద్ద గాలి దాన్ని కిందికి తోయదు, పైకి లాగుద్ది. 1989 నవంబరు తుఫాను మీ కావలి దగ్గరే తీరం దాటింది, పెద్దోళ్లనడిగితే చెప్తారు. గాలి లెక్కలకి వాడే ఐఎస్ 875 కోడ్‌లో నెల్లూరుకి సెకనుకి 50 మీటర్లు రాశారు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ లాగుడంతా చివరికి పునాదిలో దిగేసిన బోల్టుల మీదే పడుద్ది, ఆ బోల్టులేమో ఇద్దరి పనీ కాకుండా పోతాయి.

మామూలుగా ఏం జరుగుద్దంటే, మేస్త్రి కాంక్రీటు పోసేసి బోల్టులు కంటిచూపుతో నిలబెడతాడు, తర్వాత వెల్డింగాయన ఇనుప కాలమ్ తెచ్చి పెడితే దాని అడుగు ప్లేటు రంధ్రాలు బోల్టులతో కలవవు, అప్పుడు గ్యాస్ కటింగ్ పెట్టి రంధ్రం పెద్దది చేస్తాడు, లేకపోతే బోల్టే కోసేసి ప్లేటుకి వెల్డింగ్ కొట్టేస్తాడు, మీకేమో ఏం కాదు సార్ అంటాడు. అట్టా కనపడితే పని ఆపించండి, మొహమాటపడొద్దు. బోల్టులు, వాటిని సరైన కొలతలో పట్టే రంధ్రాల అచ్చు (టెంప్లేట్) వెల్డింగాయనే తేవాలి, కాంక్రీటు పోసే రోజు ఆయనే పక్కన నిలబడి కొలత చూడాలి, ఇది కాగితం మీద రాయించండి. గోడా రేకూ కలిసే చోట సందు మూసే ఫ్లాషింగ్ ఎవరిదో కూడా అందులోనే రాయాలి, లేకపోతే వాన పడ్డ రోజు ఒకరు ఇంకొకర్ని చూపిస్తారు.

దీనికి ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్ చేత డ్రాయింగ్ గీయించండి. షెడ్డు వేసే వాళ్లు చాలామంది కాలమ్‌ల మధ్య వేసే క్రాస్ బ్రేసింగ్, అంటే ఇంటూ గుర్తు లాగా వేసే ఏటవాలు కడ్డీలు, ఎగ్గొడతారు, చెరువు కాడ షెడ్డుకి ఎవరూ అడగరు కాబట్టి అలవాటైపోయింది. మనుషులు పడుకునే ఇంటికి అది కుదరదు.

రేటు సంగతి. చదరపు అడుగంటే నేలదా, వాలు కప్పుదా? ముందు అదడగండి, ఏటవాలు కప్పు, చూరు కలిపితే నేల కంటే బాగా ఎక్కువొస్తది. అడుగు లెక్కన మాట్లాడితే ఆయనకి పల్చటి పైపు వేస్తే లాభం, కిలో లెక్కన అయితే బరువు పెంచితే లాభం, అందుకే డ్రాయింగ్‌లో సైజు, మందం రాసుంటే ఏ లెక్కైనా పర్లేదు. నన్నడిగితే ఇనుము, రేకులు మీ పేరు మీద బిల్లుతో మీరే కొని, కాటా చీటీ దగ్గర పెట్టుకుని, ఆయనకి లేబర్ మాత్రం ఇవ్వండి. అర మిల్లీమీటరు ఉక్కు రేకు మడతలు వేయక ముందు, చదునుగా ఉన్నప్పుడు, చదరపు మీటరుకి దాదాపు 4 కిలోలు ఉంటది, 0.35 అయితే 3 కిలోలు కూడా రాదు, కంటికి మాత్రం రెండూ ఒకేలా కనపడతాయి. డబ్బులు దశలవారీగా ఇవ్వండి, కొంత మాత్రం మనకి అసలు వానలు పడే అక్టోబరు, నవంబరు, డిసెంబరు దాటిందాకా ఆపండి, కారడం బయటపడేది అప్పుడే.

ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది వెల్డింగ్ అతుకులే. ప్రతి అతుకూ గ్రైండ్ చేసి ప్రైమర్, ఎపాక్సీ కొట్టాకే పైకెత్తాలి, పైపుల మూతులు మూయాలి. కలర్ రేకుని గ్రైండర్‌తో కోయనీయొద్దు, నిప్పురవ్వలు పడ్డ చోటల్లా తుప్పు మచ్చలొస్తాయి.

ఆ అటక గది మాత్రం నాకు నచ్చలేదు. మంచు పడే చోట వేడి పైకి చేరితే సుఖం, మనకి రోహిణి కార్తెలో ఆ గదిలో పిల్లి కూడా పడుకోదు. కప్పుకి పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య ఫోమ్ ఉండే పలక) వేయండి, కొప్పు దగ్గర వేడి గాలి పోయే దారి పెట్టండి, అటక సామాన్లకి వాడుకోండి.

ప్రశ్న: మాది నల్లరేగడి నేల. రేకుల ఇల్లు తేలిక కాబట్టి పునాది రెండడుగులు చాలంటున్నాడు మేస్త్రి, నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: తేలిక కాబట్టే చాలదమ్మా. రేగడి తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే నెర్రెలిస్తది, ఆ ఉబ్బుని అణిచే బరువు మీ ఇంటికి ఉండదు. మట్టి టెస్ట్ చేయించి అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతు కాంక్రీటు స్తంభాలు), వాటి పైన గోడల్ని మోసే ప్లింత్ బీమ్ వేయించండి. ఆ పైల్స్ లోతు సాధారణంగా మూడున్నర మీటర్లకి తగ్గదు, ఖర్చే, కానీ తర్వాత గోడ పగుళ్లకి పూత పూసుకుంటా కూర్చోవడం కంటే నయం.

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర మా బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి, కాంక్రీటుకి వాడొచ్చా?
– ఇంకో పాఠకుడు

జవాబు: నోటికి ఉప్పు తగుల్తా ఉంటే వాడొద్దు. కడ్డీలుండే కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి వాడే ఐఎస్ 456 కోడ్ చెప్తది, ల్యాబ్‌లో ఒక బాటిల్ ఇస్తే తేలిపోద్ది. పోశాక కాంక్రీటుని తడపడానికి కూడా అవే నీళ్లు పెట్టకండి, మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించుకోండి.