బడి దూరం, ఆటో కిరాయి భారం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి వరంగల్, మహబూబాబాద్, ములుగు వైపు నుంచి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువగా ఒకటే మాట కనిపిస్తోంది. ఫీజు లేదు, పుస్తకాలు ఇచ్చారు, మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు, కానీ బడికి పోయి రావడానికే డబ్బులు అయిపోతున్నాయి అని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇస్తున్నాం.

*ప్రశ్న: మాది గూడూరు మండలంలో ఒక తండా. పిల్లలు తక్కువైండ్రని మా తండా బడి మూతపడ్డది. బాబు మూడో తరగతి, రెండున్నర కిలోమీటర్ల అవతల పక్క ఊరి బడికి పోతడు. పాప ఏడో తరగతి, హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. ఇద్దరికీ కలిపి ఆటోకు నెలకు 1400 రూపాయలు. పంచాయతీలో అడిగితే మాకు సంబంధం లేదన్నరు. సర్కారు నుంచి ఏమన్నా వస్తదా?*
– ఒక తల్లి, మహబూబాబాద్ జిల్లా

అక్కా, వస్తుంది. మీ ఇద్దరు పిల్లలకూ అడిగే హక్కు ఉంది, ముందు ఆ ధైర్యంతో ఉండండి.

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వాళ్లకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. లేకపోతే పిల్లలు బడికి చేరే ఏర్పాటు ప్రభుత్వమే చేయాలి, అంటే ఉచిత రవాణా గానీ, ఉండి చదువుకునే వసతి గానీ. మీ బాబుకు రెండున్నర, పాపకు నాలుగు. ఇద్దరిదీ హద్దు దాటిన దూరమే.

పంచాయతీ వాళ్లు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఈ డబ్బు పంచాయతీ నుంచి రాదు, సమగ్ర శిక్ష పథకం నుంచి వస్తుంది. అందులో వందకు అరవై కేంద్రం, నలభై రాష్ట్రం పెడతాయి. మన దగ్గర దీన్ని రవాణా భత్యం అంటారు, బడుల్లో సార్లు ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ అనే అంటారు కాబట్టి మీరూ అదే పేరుతో అడగండి. పథకంలో పెట్టిన పరిమితి ఒక్కో పిల్లకు ఏడాదికి 6000 రూపాయల వరకు, అంటే పది నెలల బడికి నెలకు 600 లెక్కన. మీరు కట్టే 1400లో ఇద్దరికీ కలిపి 1200 దాకా వచ్చే వీలుంది. మొత్తం తీరదు గానీ, ఆటో మాన్పించి పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టాల్సిన అవసరం రాకుండా చూసే డబ్బు అది.

ఎవరిని అడగాలి అంటే, మూతపడ్డ బడి సార్‌ను కాదు, ఇప్పుడు పిల్లలు చదువుతున్న బడి హెచ్ఎంను. పాపకు ఒక బడి, బాబుకు ఒక బడి కాబట్టి రెండు చోట్లా విడివిడిగా అడగాలి. హెచ్ఎం రాసిన పేర్లు సీఆర్పీ (కొన్ని బడులకు కలిపి ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ద్వారా ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గరికి, అక్కడి నుంచి జిల్లా విద్యాశాఖలో సమగ్ర శిక్ష చూసే వాళ్ల దగ్గరికి పోతాయి. ఇక్కడ రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, పిల్లల పేర్లు జాబితాలో ఎక్కడం. రెండోదాన్ని చాలామంది అడగనే అడగరు, అది మీ తండా పేరు బడి లేని ఆవాసాల జాబితాలో ఎక్కడం. తండా బడి నిజంగా మూతపడ్డా కాగితం మీద నడుస్తున్నట్టే ఉంటే, మీది బడి ఉన్న తండా కిందనే లెక్కకు వస్తుంది, పిల్లల పేర్లు ఎన్నిసార్లు రాసినా వెనక్కి వస్తాయి. అందుకే ఎంఈఓ ఆఫీసుకు పోయినప్పుడు మొదట అడగాల్సింది ఇదే: "సార్, మా తండా ఆ జాబితాలో ఉందా?"

నోటి మాటతో ఆపకండి. తెల్లకాగితం మీద పిల్ల పేరు, తరగతి, తండా పేరు, అక్కడి నుంచి బడికి నడిచే బాట ఎన్ని కిలోమీటర్లు, తండాలో బడి ఎప్పటి నుంచి లేదు, ఇవి రాసి, కింద సంతకం పెట్టి, రెండు కాపీలు తీయండి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తండాలో మీలాంటి తల్లులు ఇంకా ఉంటారు కదా, అందరూ ఒకే రోజు కలిసి పోతే మరీ మంచిది. పిల్ల పేరున గానీ మీ పేరున గానీ బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ లింకు ముందే చూసుకోండి, డబ్బు మంజూరై కూడా ఖాతా తేడాతో ఆగిపోతే ఎంత బాధ! ఎంఈఓ దగ్గర కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ సమాధానం రాకపోతే సమాచార హక్కు కింద "మా తండా పేరు జాబితాలో ఉందా, లేకపోతే కారణం ఏమిటి" అని అడగండి, 30 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ డబ్బు చాలాచోట్ల ఆలస్యంగా పడుతుంది. ఆటో డ్రైవరుకు మాత్రం నెల నెలా ఇవ్వాలి, ఆయన ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా. కూలి పనికి పోయే ఇంట్లో 1400 ఎక్కడి నుంచి తెచ్చి ముందు కట్టాలి? బడి మూసేటప్పుడు చూపించిన తొందర ఈ భత్యం ఇచ్చేటప్పుడు కూడా చూపించాలి, అది అడగడంలో తప్పేం లేదు.

"అయితే హాస్టల్‌లో వేయండి" అని ఎవరైనా అనొచ్చు. పాపకు ఆరో తరగతి దాటింది కాబట్టి కస్తూర్బా బాలికా విద్యాలయం గానీ గిరిజన సంక్షేమ బడి గానీ మీకు, ఆమెకు ఇష్టమైతే ఆలోచించండి. మూడో తరగతి పిల్లోణ్ణి మాత్రం ఆటో కిరాయి లేదన్న ఒక్క కారణంతో తల్లి దగ్గర నుంచి దూరం చేయమని మేం చెప్పం.

*ప్రశ్న: హన్మకొండలో ప్రైవేటు స్కూల్లో ఇద్దరు అబ్బాయిలు చదువుతున్నారు, వ్యాన్ ఫీజు ప్రతి ఏడు పెంచుతున్నారు. కార్పొరేషన్ గానీ ప్రభుత్వం గానీ కొంత ఇస్తాయా?*
– ఒక తండ్రి, హన్మకొండ

లేదు తమ్ముడూ. పైన చెప్పిన భత్యం సర్కారు బడి పిల్లలకు, అదీ దగ్గరలో బడి లేనివాళ్లకు. దగ్గరి సర్కారు బడిని వదిలి దూరంగా ఉన్న ఇంకో సర్కారు బడిలో వేసినా మామూలుగా రాదు. మీకు పనికొచ్చేది ఆర్టీసీ స్టూడెంట్ పాస్. 12 ఏళ్ల లోపు అబ్బాయిలకు ఉచిత పాస్ సౌకర్యం ఉంది, ఆ వయసు దాటితే రాయితీ పాస్ తీసుకోవచ్చు. స్కూలు వాళ్లు ధ్రువీకరించాలి కాబట్టి ముందు ఆఫీసులో అడిగి, తర్వాత బస్టాండులో పాస్ కౌంటర్ దగ్గరికి పోండి. వ్యానే ఖాయం అనుకుంటే ఫిట్‌నెస్ ఉందా, ఎంతమందిని ఎక్కిస్తున్నారు అన్నది మీ కళ్లతో చూడండి. తక్కువకు వస్తుందని కిక్కిరిసిన ఆటోకు మాత్రం మారొద్దు.

*ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, నడవలేదు. బడి అర కిలోమీటరే. దూరం లేదు కాబట్టి మీకు రాదు అంటున్నారు. నేనే ఎత్తుకొని తీసుకుపోతున్నా, నాకూ నడుం నొప్పి మొదలైంది.*
– ఒక అమ్మ, నర్సంపేట

అమ్మా, మీకు చెప్పింది సరైన మాట కాదు. నడవలేని పాపకు అర కిలోమీటరైనా దూరమే, కిలోమీటర్ల కొలత ఆమెకు పెట్టకూడదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 16వ సెక్షన్ దీన్ని స్పష్టంగా చెప్పింది: అలాంటి పిల్లలకు రవాణా సౌకర్యం ఇవ్వాలి, ఎక్కువ సాయం అవసరమైన పిల్లలకైతే వెంట వచ్చే మనిషికి కూడా ఇవ్వాలి. విద్యా హక్కు నియమాల్లోనూ ఈ పిల్లల రవాణా గురించి విడిగా ఉంది. సమగ్ర శిక్షలో వీళ్లకు రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకు ఎస్కార్ట్ భత్యం వేరే పద్దు కింద ఉన్నాయి. ఆడపిల్లలకైతే నెలకు 200 చొప్పున పది నెలల స్టైపెండ్ కూడా ఉంది, అది అడగడం మర్చిపోవద్దు.

మీరు కలవాల్సింది మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం) పనిచేసే ఐఈఆర్పీ టీచర్‌ను, అంటే ఈ పిల్లల చదువు చూసే టీచర్‌ను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల పేర్లు నమోదు చేసేది వాళ్లే, ఫిజియోథెరపీ సంగతీ వాళ్లే చెప్తారు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లేదా యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), పాప ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుపోండి. చక్రాల కుర్చీ అవసరమని అదే రోజు రాసివ్వండి. ఇక మీ నడుం గురించి: దయచేసి ఆస్పత్రిలో చూపించుకోండి, పాపను చూసుకునే మనిషి పడిపోతే ఇంట్లో అందరికీ కష్టమే.

*ప్రశ్న: మా చెల్లెలి కుటుంబం ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ కౌన్సిల్ వాళ్లు పిల్లలకు బడి బస్సు ఫ్రీగా ఇస్తారట, వాళ్ల పిల్లలకు మాత్రం రాదన్నారట. అక్కడ లెక్క ఎట్లా ఉంటుంది? మన దగ్గర అట్లా ఎందుకు లేదు?*
– ఒక పాఠకురాలు, వరంగల్

ఇంగ్లండులో బడి పిల్లల రవాణా బాధ్యత స్థానిక కౌన్సిల్‌ది, అంటే మన మున్సిపాలిటీ లాంటి స్థానిక ప్రభుత్వానిది. 5 నుంచి 16 ఏళ్ల పిల్లలు తమకు తగిన బడుల్లో అన్నిటికంటే దగ్గరిదానికి పోతూ ఉండాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆ బడి రెండు మైళ్లు దాటితే, అంటే సుమారు 3.2 కిలోమీటర్లు, ఎనిమిదేళ్లు నిండినవాళ్లకు మూడు మైళ్లు దాటితే, అంటే 4.8 కిలోమీటర్లు, రవాణా ఉచితం. మైళ్లను కొలిచేది కారు పోయే రోడ్డు మీద కాదు, పిల్లలు సురక్షితంగా నడవగలిగే దగ్గరి బాట మీద. పెద్దవాళ్లు తోడున్నా నడవడానికి ప్రమాదకరమైన దారి అయితే దూరం తక్కువైనా ఇవ్వాలి. వైకల్యం వల్ల నడవలేని పిల్లలకూ అంతే.

తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు హద్దు సడలిస్తారు. ఉదాహరణకు 11 నుంచి 16 ఏళ్ల పిల్లలైతే దగ్గరి మూడు బడుల్లో ఏదైనా సరే, రెండు నుంచి ఆరు మైళ్ల మధ్య ఉంటే వస్తుంది.  తల్లిదండ్రులు ఒప్పుకుంటే బస్సు బదులు పెట్రోలు ఖర్చు లెక్కగట్టి ఇచ్చే కౌన్సిళ్లు కూడా ఉన్నాయి.

మీ చెల్లెలి పిల్లలకు రాకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం, దగ్గరి బడిలో సీటు ఉండగా మంచిదని దూరపు బడి ఎంచుకోవడం. అలా ఎంచుకుంటే ఖర్చు తల్లిదండ్రులదే. తల్లి ఉద్యోగం టైము కుదరదు అన్నా ఒప్పుకోరు. అయితే కాదన్నప్పుడు కారణం చెప్పాలి, దాని మీద మళ్లీ చూడమని అడిగే పద్ధతి ఉంది. దగ్గరి బడిలో సీటు లేక దూరం పోవాల్సి వచ్చిందంటే ఆ కాగితం జత చేసి తప్పకుండా అడగమనండి.

మన దగ్గర అట్లా లేదు అన్నారు గానీ, కొలత మాత్రం మనదే మెరుగు: చిన్నపిల్లలకు కిలోమీటరు చాలు. తేడా ఎక్కడంటే, అక్కడ తల్లి నేరుగా కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకుంటుంది, అవునో కాదో ఆమెకే జవాబు వస్తుంది. మన దగ్గర జాబితా పై నుంచి తయారవుతుంది, తన పిల్ల పేరు ఉందో లేదో తల్లికి తెలియదు. బడి నోటీసు బోర్డు మీద ఆ జాబితా అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి ఎంఈఓ ఆ పని జూన్‌లోనే చేయించాలని మా కోరిక.

*ప్రశ్న: ఆడపిల్లలకు బస్సు ఫ్రీ అని సంతోషపడ్డాం, కానీ మా ఊరి బస్సు బడి టైముకు రాదు. పొద్దున ఎక్కువ ఆలస్యం, సాయంత్రం బడి వదలకముందే పోతుంది.*
– పదో తరగతి విద్యార్థినులు, పరకాల మండలం

అమ్మాయిలూ, 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు మీకు ఉచితం, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకొని జీరో టికెట్ తీసుకోవాలి. కానీ బస్సు రానప్పుడు ఆ టికెట్ ఏం చేసుకుంటారు, మీ కోపం న్యాయమైనదే. బస్సు టైము మార్చే అధికారం పరకాల డిపో మేనేజర్‌కు ఉంటుంది. మీ హెచ్ఎం చేత బడి మొదలయ్యే, వదిలే టైములు, ఆ దారిలో ఎక్కే పిల్లలు ఎంతమందో ఊర్లవారీగా లెటర్‌హెడ్ మీద రాయించండి. పంచాయతీ తీర్మానం ఒకటి జత చేసి డిపోలో ఇవ్వండి. డిపో మేనేజర్లు 'డయల్ యువర్ డీఎం' పేరుతో ఫోన్లో ప్రయాణికుల మాట వినే కార్యక్రమం పెడుతుంటారు, ఆ రోజు కనుక్కొని మీలో ఒకరు ఫోన్ చేసి మాట్లాడండి. పదో తరగతికి స్పెషల్ క్లాసులు మొదలైతే సాయంత్రం టైము మళ్లీ మారుతుంది కాబట్టి ఆ టైము కూడా అర్జీలో ఇప్పుడే రాయండి.