రొయ్యల ట్యాంకులకు అబ్బాయిని కాపలా పెట్టకండి

పాలకొల్లు దగ్గర నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు ఇంటర్ బైపీసీ పాసయ్యాడు. మెడిసిన్ సీటు రాలేదు. బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) అంటూ 4 ఏళ్లు చదివించే బదులు, ఇంటి వెనక స్థలంలో బయోఫ్లాక్ ట్యాంకులు వేయించి రొయ్యల సాగులో పెడదామనుకుంటున్నా. అవసరమైతే అరెకరం అమ్ముతా. ఏది మేలు?"

అయ్యా, ఈ ప్రశ్న చాలామంది తండ్రులు అడిగారు. అందరిలోనూ ఉన్నది ఒకటే భయం. పిల్లాడు ఖాళీగా కూర్చుంటే ఏమైపోతాడో, చుట్టాలడిగితే ఏం చెప్పాలో అని. సీటు రానంత మాత్రాన మీవాడి బతుకేమీ ఆగిపోలేదు. ఇలా సీటు రాని పిల్లలు స్థిరపడటం నేను చూస్తూనే ఉన్నాను. ముందు మీరు స్థిమితపడండి.

ఇక బయోఫ్లాక్, అంటే ట్యాంకు నీళ్లలోనే బ్యాక్టీరియాను పెంచి వాటితో వ్యర్థాల్ని శుభ్రం చేయించే సాగు. నీళ్లు పెద్దగా మార్చక్కర్లేదు, తక్కువ జాగా చాలు అని మీరు విన్నది నిజమే. కానీ మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది దాదాపు పావు వంతే. మిగిలిందాంట్లో చాలావరకు నీళ్లలో అమ్మోనియాగా చేరుతుంది. అది రొయ్యలకు విషం. మొలాసిస్ (చక్కెర ఫ్యాక్టరీల్లో మిగిలే తీపి పాకం) లాంటిది వేసి బ్యాక్టీరియాను పెంచి, ఆ అమ్మోనియాను వాటికి మేపాలి. అంటే మీవాడు ఒకేసారి రెండు మందల్ని సాకాలి, అందులో ఒకటి కంటికి కనపడదు. రెండింటికీ ఊపిరి కావాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే, కిక్కిరిసిన ట్యాంకుకు గంట వ్యవధి కూడా ఉండదు. పైగా మీది మంచినీళ్ల ఊరైతే, ఉప్పునీటి రకం రొయ్య అయిన వనామీకి ఉప్పు, పొటాషియం, మెగ్నీషియం కూడా మీరే సరిచూసుకోవాలి.

ఒక రైతు దగ్గర తెల్లవారుజామున చూశాను. గరాటులాంటి ఇమ్‌హాఫ్ కోన్‌లో లీటరు నీళ్లు పట్టి 20 నిమిషాలు కదపకుండా ఉంచాడు. అడుగున గోధుమరంగు మడ్డి, అంటే ఆ బ్యాక్టీరియా ముద్దలు, దిగింది. 10, 15 మిల్లీలీటర్ల దగ్గర ఉండాల్సింది 30 దాటింది. మారుమాట లేకుండా మొలాసిస్ ఆపించి, మడ్డి తోడించాడు. ఏళ్ల తరబడి చెరువు గట్ల మీద తిరిగినవాడు కాబట్టి ఆ పని తోచింది. 2009లో వనామీ వచ్చినప్పటి నుంచి సాగు చేస్తున్న మీ జిల్లా పెద్ద రైతుల్లో ఎక్కువమంది మట్టి చెరువుల్నే ఎందుకు నమ్ముకున్నారో ఒకసారి వెళ్లి అడగండి.

ఒక మాట కటువుగానే అంటాను. ఇంత రాశారు గానీ, మీవాడికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. పొలం అమ్మి ఆ బరువంతా 18 ఏళ్లవాడి నెత్తిన పెడతారు. పంట పోతే జీవితాంతం ఆ అరెకరం వాడికి గుర్తుచేస్తారు. అది మీరు చేయకూడని పని.

పోల్చమన్నారు కాబట్టి: నెల్లూరు జిల్లా ముత్తుకూరు మత్స్య కాలేజీలాంటి చోట బీఎఫ్‌ఎస్సీ చేస్తే నీటి పరీక్షలు, జబ్బులు, మేత, హేచరీ (రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రం) పనులు అన్నీ చేత్తో చేసి నేర్చుకుంటాడు. మేత కంపెనీలు, హేచరీలు, ల్యాబులు, మత్స్యశాఖ ఉద్యోగాలు అందుబాటులోకి వస్తాయి. ట్యాంకులు ఆ తర్వాతైనా వేసుకోవచ్చు.

కౌన్సెలింగ్‌లో బీఎఫ్‌ఎస్సీ ఆప్షన్ వదలకండి. సీటు తేలేలోపు తెలిసిన రైతు చెరువు దగ్గరో ఆక్వా ల్యాబ్‌లోనో రెండు నెలలు ఉంచండి. రాత్రి కాపలాతో సహా. తిరిగొచ్చాక ఏమంటాడో, మధ్యలో మాట్లాడకుండా వినండి.