ప్లేఆఫ్స్‌లో హోమ్ కోర్ట్ స్టార్ల కోసం కాదు

ప్రశ్న: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో సీడింగ్, హోమ్ కోర్ట్ నిజంగా అంత ముఖ్యమా? 2024 ఫైనల్స్‌లో బాస్టన్ చేతిలో ఓడిన డాలస్‌కి హోమ్ కోర్ట్ ఉండి ఉంటే గెలిచేదా?

సీడ్ నంబర్‌కి జనం ఇచ్చే విలువ మరీ ఎక్కువ. సొంత కోర్టుకి ఇచ్చే విలువ ఇంకా తక్కువే అంటాను. ఈ రెండూ ఒకటే అనుకుంటారు గానీ కాదు. సీడ్ అంటే అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఎవరు ఎన్ని మ్యాచ్‌లు గెలిచారన్న లెక్కతో వచ్చే ర్యాంకు. ఆ తర్వాత ప్లేఆఫ్స్‌లో ఏడు గేమ్‌ల సిరీస్‌లు, ముందు నాలుగు గెలిచినవాళ్లు ముందుకెళ్తారు. ఏడో గేమ్ దాకా వెళ్తే అది సీజన్‌లో మెరుగ్గా ఆడిన జట్టు ఊళ్లో, హోమ్ కోర్ట్ హక్కు అంటే అదే. సొంత కోర్టు బలం ఆ రాత్రి ఆ ఆటగాడి చేతుల్లో కనిపిస్తుంది. అది కూడా స్టార్ చేతుల్లో కాదు. అప్పటి డాలస్ స్టార్ లూకా డాన్చిచ్ ఏ ఊళ్లో ఆడినా తన ఆట తను ఆడతాడు. తేడా వచ్చేది జట్టులో నాలుగోవాడికి, ఆరోవాడికి, ఎనిమిదోవాడికి.

ఇది నేను కళ్లారా చూశాను. 2024 మే 18, డాలస్‌లో ఓక్లహోమా సిటీతో ఆరో గేమ్. మా డాలస్ జట్టు మావరిక్స్ 3-2తో ముందున్నారు. మేముండేది డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో. మా బావమరిదీ నేనూ పై అంతస్తు సీట్లలో ఉన్నాం. అంతకంటే కిందివి కొనాలంటే ఒక నెల అద్దె పెట్టాలి. 

ఆటలో మనవాళ్లు ఒక దశలో 17 పాయింట్లు వెనకపడ్డారు. హాల్లో అందరి భయం ఒకటే. ఇది పోతే ఏడో గేమ్ ఓక్లహోమాలో. ఒకటో సీడ్ వాళ్లది కాబట్టి ఆ హక్కూ వాళ్లదే. మా వెనక కూర్చున్న పెద్దాయన సెకండ్ హాఫ్ అంతా "అక్కడికి వెళ్లకూడదు, అక్కడికి వెళ్లకూడదు" అంటూనే ఉన్నాడు. మెల్లగా లోటు తగ్గింది. చివరికి 116-115, ఓక్లహోమా ముందుంది, 2.5 సెకన్లు మిగిలాయి. మూలలో పీజే వాషింగ్టన్ మూడు పాయింట్ల షాట్ వేస్తుంటే ఓక్లహోమా స్టార్ షే గిల్జస్ అలెగ్జాండర్ ఫౌల్ చేశాడు. మూడు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుపడకుండా లైన్ మీద నిలబడి వేసే ఒక్కో పాయింట్ షాట్లు.

వాషింగ్టన్ స్టార్ కాదు. ఆ ఫిబ్రవరిలోనే షార్లెట్ నుంచి వచ్చాడు. ఆ రాత్రి పెద్దగా పాయింట్లు కూడా కొట్టలేదు. అతను లైన్ మీద నిలబడగానే దాదాపు ఇరవై వేల మంది ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. అంతసేపూ కేకలు పెట్టిన జనమే. మా బావమరిది నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే మర్నాటికీ నొప్పి పోలేదు. మొదటిది పడింది. రెండోది పడింది. మూడోది కావాలనే మిస్ చేశాడు, ఓక్లహోమాకి సరైన షాట్ తీసుకునే టైమ్ లేకుండా పోయింది. 117-116.

అదే ఫౌల్ ఓక్లహోమాలో జరిగిందనుకోండి. రింగ్ వెనకాల జనం చేతులూపుతూ, గాలి నింపిన ప్లాస్టిక్ కర్రలు చప్పుడు చేస్తూ, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటారు. డాన్చిచ్ అయితే వేసేవాడేమో. వాషింగ్టన్ రెండూ వేసేవాడంటే నేను నమ్మను. నా దృష్టిలో హోమ్ కోర్ట్ అంటే ఆ నిశ్శబ్దమే.

మా వాట్సాప్ గ్రూపులో దీన్ని క్రికెట్‌తో పోలుస్తారు. సొంత పిచ్ లాంటిదే కదా అంటారు. కాదు. క్రికెట్‌లో పిచ్‌ని మన స్పిన్నర్లకి తగ్గట్టు తయారు చేసుకోవచ్చు. ఇక్కడ ఏ ఊరికెళ్లినా కోర్టు 94 అడుగుల పొడవే, రింగ్ 10 అడుగుల ఎత్తే. డెన్వర్ లాంటి చోటు మాత్రం వేరు. 5,280 అడుగుల ఎత్తున ఉంటుంది కాబట్టి బయటి జట్లకి నాలుగో క్వార్టర్‌లో ఊపిరి అందదు. మిగతా చాలా చోట్ల తేడా అంతా నిద్ర, ప్రయాణం, జనం, ఆ జనం అరుపులకి రిఫరీల మీద పడే టెన్షన్. 2020లో కరోనా వల్ల అన్ని మ్యాచ్‌లూ ఓర్లాండోలో ఖాళీ హాళ్లలో ఆడించినప్పుడు ఏమైందో చూడండి. డెన్వర్ రెండుసార్లు 1-3 నుంచి లేచి సిరీస్‌లు గెలిచింది. ఐదో సీడ్ మయామి ఫైనల్స్‌కి వెళ్లింది. జనం లేకపోతే సీడ్‌కి మిగిలే బలం అంతే.

సీడ్ గొప్పదని వాదించేవాళ్లు 1995 హ్యూస్టన్‌కి ఏం చెబుతారు? ఆరో సీడ్. ఒక్క సిరీస్‌లో కూడా హోమ్ కోర్ట్ లేకుండా టైటిల్ కొట్టింది. 2023లో మయామి ఎనిమిదో సీడ్‌గా వచ్చి ఒకటో సీడ్ మిల్వాకీని 4-1తో ఇంటికి పంపింది. మిల్వాకీ స్టార్ యానిస్‌కి మొదటి గేమ్‌లోనే దెబ్బ తగిలిందిగా అంటారు. నేననేదీ అదే, ఏప్రిల్‌లో చూడాల్సింది ఎవరి ఒళ్లు బాగుందని. 2016లో శాన్ ఆంటోనియో సీజన్ మొత్తం సొంత కోర్టులో 40 గెలిచి ఒక్కటే ఓడింది. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో అదే కోర్టులో ఓక్లహోమా చేతిలో రెండు గేమ్‌లు పోగొట్టుకుని సిరీస్ వదులుకుంది. అందుకే సీజన్ చివర్లో సీడ్ కోసం ఒంట్లో బాగాలేని ఆటగాళ్లని పరిగెత్తించే కోచ్‌లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక ఒంటి మీద గీత కూడా పడని స్టార్‌ని, పిల్లలు జెర్సీ వేసుకుని వచ్చిన రోజున బెంచ్ మీద కూర్చోబెట్టేవాళ్ల సంగతి ఇంకో దారుణం. 2023లో లీగ్ దానికి నిబంధనలు పెట్టింది. అవి ఇంకా గట్టిగా ఉండాలి.

ఇక మీ రెండో ప్రశ్న. డాలస్ ఐదో సీడ్. ఆ ఏడాది క్లిప్పర్స్‌ని, ఓక్లహోమాని, మిన్నెసోటాని హోమ్ కోర్ట్ లేకుండానే దాటింది. బాస్టన్ దగ్గర మాత్రం ఉన్నా గెలిచేది కాదు. మూడో గేమ్ డాలస్‌లోనే జరిగింది, తన ముఖ్య ఆటగాడు పోర్జింగిస్ లేకుండానే బాస్టన్ 106-99తో గెలిచింది. నాలుగు నిమిషాల పైచిలుకు ఆట మిగిలుండగానే డాన్చిచ్ ఆరో ఫౌల్‌తో బయటికి వెళ్లిపోయాడు. బాస్టన్ బెంచ్ మీంచి వచ్చిన ఆటగాళ్లు కూడా మన కోర్టులో బెదరలేదు. హోమ్ కోర్ట్ సాయం చేసేది బెదిరేవాళ్లు ఎదురైనప్పుడే.